డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళకి సుగంధ తైలాలు: ఏ పద్ధతి, ఏ నూనె, ఎవరికి?

ఇంట్లో పెద్దవాళ్ళకి డిమెన్షియా అని డాక్టరు చెప్పారో లేదో, చుట్టాల సలహాలు మొదలవుతాయి. దిండు మీద ల్యావెండర్ చల్లితే హాయిగా నిద్రపోతారని ఒకరు, రోజ్‌మేరీ వాసన చూపిస్తే జ్ఞాపకశక్తి తిరిగొస్తుందని వాట్సాప్‌లో ఇంకొకరు, ఈసారి వచ్చేటప్పుడు మంచి డిఫ్యూజర్ (నూనె వాసనని గదిలోకి వదిలే పరికరం) తెస్తానని అమెరికాలో ఉన్న కొడుకు. ఇవన్నీ విని ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో తేల్చుకోలేక ఆగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మా అత్తయ్యని నేను ఇంట్లోనే చూసుకుంటున్నాను కాబట్టి, సీసా మీద రాసిన మాటలకీ సాయంత్రం ఐదింటికి ఇంట్లో జరిగేదానికీ ఎంత దూరం ఉంటుందో నాకు బాగా తెలుసు.

ముందే ఒక మాట. ఏ నూనె అయినా డిమెన్షియాని తగ్గించదు, పోయిన జ్ఞాపకాన్ని వెనక్కి తేదు. 2020లో, వైద్య పరిశోధనలని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ ఈ విషయం మీద వచ్చిన 13 పరిశోధనలని, మొత్తం 708 మంది మీద చేసినవాటిని, ఒకచోట పెట్టి చూసింది. కొన్నింట్లో ఫలితం కనిపించింది, కొన్నింట్లో లేదు, చాలావరకు సరిగ్గా చేసినవి కావు, కాబట్టి ఉపయోగం ఉందని నమ్మకంగా చెప్పడానికి ఆధారం చాలదని తేల్చింది. మరి దీని గురించి ఎందుకు మాట్లాడుకోవాలి అంటే, కంగారు, కోపం, తిరుగుడు ఎక్కువైనప్పుడు ఇచ్చే యాంటీసైకోటిక్ మందులు ఏమంత చిన్న విషయం కాదు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో అవి మరణం ముప్పు పెంచుతున్నాయని అమెరికాలో మందులని నియంత్రించే ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక పెట్టించింది. అందుకే చాలామంది డాక్టర్లు ముందు మందుల్లేని దారులు ప్రయత్నించమంటారు. ఆ దారుల్లో వాసన, మర్దన ఒక చిన్న దారి. చిన్నది కాబట్టే దానికి పెట్టే డబ్బూ, దానివల్ల వచ్చే ప్రమాదమూ కూడా చిన్నవిగానే ఉండాలి. కింద నేను చెప్పే ఎంపికలన్నీ ఈ లెక్క మీద చెప్పినవే.

## కొనేముందు తేల్చుకోవాల్సినవి

ఏ ఇబ్బంది కోసం? "మంచిదట కదా" అని మొదలుపెడితే పనిచేసిందో లేదో ఎప్పటికీ తెలియదు. సాయంత్రమయ్యేసరికి మొదలయ్యే కంగారా (దీన్ని డాక్టర్లు సన్‌డౌనింగ్ అంటారు), రాత్రి నిద్ర పట్టకపోవడమా, స్నానం దగ్గర రోజూ జరిగే గొడవా, లేక ఏమీ పట్టనట్టు ముడుచుకుని కూర్చోవడమా? ఒక్కటి ఎంచుకోండి. ఇంకో సంగతి, నిన్నటిదాకా బాగానే ఉన్న మనిషి ఉన్నట్టుండి కేకలు వేస్తుంటే, మాట తడబడుతుంటే అది నూనెతో సరిపెట్టే విషయం కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పంటినొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, వీటిలో ఏదో ఒకటి వెనక ఉండొచ్చు. నోరు విప్పి చెప్పుకోలేని మనిషికి నొప్పి వస్తే బయటికి కనిపించేది కోపమే. ముందు డాక్టరు దగ్గరికి.

వాసన తెలుస్తోందా? ఈ ప్రశ్న ఎవరూ అడగరు, అసలు అడగాల్సింది ఇదే. డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చే రకమైన అల్జీమర్స్‌లో వాసన పట్టే శక్తి చాలా తొందరగా దెబ్బతింటుంది, కొందరిలో మరుపు బయటపడకముందే. వాసనే తెలియని మనిషి గదిలో వేల రూపాయల డిఫ్యూజర్ పెట్టి ఏం లాభం? చూసుకోవడం తేలికే. కాఫీ పొడి డబ్బా, ఒలిచిన నారింజ తొక్క, మల్లెపూలు ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో కాస్త ఆగి ముక్కు దగ్గర పెట్టండి. "ఇదేంటో చెప్పు" అని అడగొద్దు, వాసన తెలిసినా పేరు గుర్తు రాకపోవచ్చు. ముఖం చూడండి. కళ్ళు కదులుతాయి, ఇంకాస్త దగ్గరికి వంగుతారు, లేదా మొహం పక్కకి తిప్పుకుంటారు. ఇవేవీ లేకపోతే వాసన మీద ఆశ తగ్గించుకుని మర్దన వైపు వెళ్ళండి.

ఒంట్లో ఇంకేమున్నాయి? ఆస్తమా, సీఓపీడీ లాంటి ఊపిరి జబ్బులు, ఫిట్స్, రక్తం పలచబరిచే మందులు, కాగితంలా పలచబడిన చర్మం, మానని పుండ్లు. వీటిలో ఏది ఉన్నా కొన్ని దారులు మూసుకుపోతాయి, కింద ఎక్కడికక్కడ చెప్తాను.

ఎవరు చేస్తారు, రోజుకి ఎంతసేపు? పది నిమిషాలు పక్కన కూర్చునే మనిషి ఉన్న ఇల్లు వేరు, ఉదయం తొమ్మిదికి అందరూ ఆఫీసులకి వెళ్ళిపోయి కేర్‌టేకర్ ఒక్కతే ఉండే ఇల్లు వేరు.

ఆ మనిషికి ఏది ఇష్టం? జీవితమంతా జడలో మల్లెపూలు, మరువం పెట్టుకున్న ఆవిడకి ల్యావెండర్ కొత్త వాసన. పైగా చాలామంది దాన్ని రూమ్ ఫ్రెషనర్‌లోనో ఫ్లోర్ క్లీనర్‌లోనో తప్ప చూడలేదు. వాసన జ్ఞాపకాలని లేపుతుందన్నది నిజమే, అయితే లేచే జ్ఞాపకం మంచిదే కావాలని లేదు, ఆసుపత్రి వార్డుదీ కావచ్చు.

## పద్ధతులు పక్కపక్కన

| పద్ధతి | దేనికి నప్పుతుంది | ఖర్చు, శ్రమ | అసలు ప్రమాదం |
|---|---|---|---|
| చేతులకి నూనె మర్దన | సాయంత్రం కంగారు, ఒంటరితనం, వాసన తెలియనివాళ్ళు | ఖర్చు తక్కువ, రోజూ పది నిమిషాలు మనిషి కావాలి | చర్మం మంట, దద్దుర్లు |
| డిఫ్యూజర్ | నిద్రకి ముందు, మర్దన ఒప్పుకోనివాళ్ళు | ఖర్చు ఎక్కువ, శ్రమ తక్కువ | ఊపిరి ఇబ్బంది, వైరు, నీళ్ళు, సీసా |
| దూది మీద చుక్క | నిద్ర, ప్రయాణం, మొదటిసారి చూడటానికి | దాదాపు ఏమీ లేదు | దూది నోట్లో పెట్టుకోవడం |
| స్నానం నీళ్ళలో చుక్కలు | వద్దు | | జారిపడటం, చర్మం మంట |
| సాంబ్రాణి, అగరుబత్తి | అలవాటైన పూజ వేళ గుర్తుచేయడానికి | తక్కువ | పొగ, నిప్పు |

వీటిలో నా ఓటు మర్దనకి. ఎందుకో చెప్పడానికి రెండు పరిశోధనలు చూడాలి. 2002లో ఇంగ్లండ్‌లో తీవ్రమైన డిమెన్షియాతో వృద్ధాశ్రమాల్లో ఉన్న 72 మంది మీద ఒక పరీక్ష జరిగింది. కొందరికి మెలిస్సా (లెమన్ బామ్ అనే మొక్క) నూనె కలిపిన లోషన్, మిగతావాళ్ళకి పొద్దుతిరుగుడు నూనె కలిపిన లోషన్, రోజుకి రెండుసార్లు ముఖానికీ చేతులకీ రాశారు, నాలుగు వారాలు. మెలిస్సా రాసినవాళ్ళలో 60 శాతం మందికి అలజడి 30 శాతం తగ్గింది, రెండో గుంపులో అంత తగ్గినవాళ్ళు 14 శాతమే. ఇప్పటికీ నూనెలు అమ్మేవాళ్ళు చెప్పేది ఇదే. 2011లో మాత్రం ఇంకా గట్టి కట్టుబాట్లతో 114 మంది మీద, మెలిస్సా నూనెని అల్జీమర్స్‌కి ఇచ్చే డొనెపెజిల్ మాత్రతోనూ, ఏ మందూ లేని ఉత్తుత్తి చికిత్సతోనూ పోల్చి చూశారు. మూడింటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆశ్చర్యం ఏమిటంటే మూడు గుంపుల్లోనూ, ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్ళతో సహా, అందరి పరిస్థితీ బాగానే మెరుగుపడింది. రోజూ ఒక మనిషి వచ్చి, పక్కన కూర్చుని, చేతికి నెమ్మదిగా నూనె రాయడంలోనే ఆ మేలులో పెద్ద వాటా ఉందని నేను అనుకుంటున్నాను. అది నిజమైతే మన కొబ్బరి నూనె సీసా కూడా చాలా దూరం పనికొస్తుంది.

మా ఇంట్లో ఎలా చేస్తానో చెప్తాను. ఐదు దాటేసరికి అత్తయ్య లేచి కొంగు సర్దుకుని "ఇంటికి పోదాం పదమ్మా, చీకటి పడుతోంది" అంటుంది, కూర్చున్నది తన ఇంట్లోనే. ఇదే మన ఇల్లు అని వాదిస్తే కంగారు ఇంకా పెరుగుతుంది, అందుకని "వెళ్దాం అత్తయ్యా, చేతులు గరగరలాడుతున్నాయి, కాస్త నూనె రాసి వెళ్దాం" అంటాను. ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి కూర్చుని, నూనె ముందు నా అరచేతుల్లో వెచ్చబెట్టి, ఆవిడ చెయ్యి నా రెండు చేతుల మధ్య పెట్టుకుంటాను. చేతి వెనక నుంచి మొదలుపెట్టి, వేళ్ళు ఒక్కొక్కటిగా, ఉంగరం ఉన్న వేలు దగ్గర మెల్లగా, చివరికి మణికట్టు. నొక్కడం ఉండదు, నిమరడమే. టీవీ కట్టేస్తాను. రెండో చేతికి వచ్చేసరికి భుజాలు కిందికి దిగుతాయి, కొన్ని రోజులు. కొన్ని రోజులు మధ్యలోనే చెయ్యి లాగేసుకుంటుంది, ఆ రోజు అక్కడితో ఆపేస్తాను, బలవంతం పెట్టకూడదు.

డిఫ్యూజర్ సంగతికొస్తే, హాంకాంగ్‌లో 70 మంది మీద చేసి 2007లో ప్రచురించిన పరీక్షలో రాత్రిళ్ళు పడక పక్కన ల్యావెండర్ పెట్టారు, మూడు వారాల్లో అలజడి తగ్గింది. కాబట్టి దాన్ని కొట్టిపారేయను. మనిషి తాకితే భయపడే దశలో ఉన్నవాళ్ళకి ఇదే మిగిలిన దారి కూడా. కానీ డిమెన్షియా ఉన్న ఇంట్లో ఆ పరికరాన్ని ఒకసారి వాళ్ళ కళ్ళతో చూడండి. బల్ల మీద రంగులు మారే లైటు, దాంట్లోంచి పొగలాంటిది వస్తోంది, లోపల నీళ్ళు ఉన్నాయి. "ఇల్లు అంటుకుంది" అని భయపడొచ్చు, గ్లాసు అనుకుని తాగొచ్చు, వైరు కాలికి తగులుకోవచ్చు. పెడితే అందని ఎత్తులో, లైటు ఆపేసి, మూడు నాలుగు చుక్కలతో, అరగంట మాత్రమే, గది తలుపు కాస్త తెరిచి పెట్టండి. రాత్రంతా వదిలేయొద్దు. కొవ్వొత్తి వెలిగించే రకం బర్నర్ అసలే వద్దు.

వాసన పద్ధతుల్లో అన్నింటికంటే ముందు ప్రయత్నించాల్సింది దూది. ఒక చుక్క దూది మీద వేసి చిన్న గుడ్డ సంచిలో కుట్టి దిండు కవరు లోపల, అందకుండా పెట్టడమే. జపాన్‌లో వృద్ధాశ్రమాల్లో 145 మందికి బట్టల మీద ల్యావెండర్ పట్టీ అంటించి ఏడాది పాటు గమనిస్తే పడిపోవడాలు తగ్గాయని 2012లో ప్రచురించారు. వాళ్ళలో డిమెన్షియా లేనివాళ్ళు కూడా ఉన్నారు, కాబట్టి దాన్ని మనవాళ్ళకి నేరుగా అన్వయించలేం, కానీ ఒక్క చుక్కతో నష్టం తక్కువ.

స్నానం నీళ్ళలో వేయడం ఎందుకు వద్దన్నానంటే, ఈ నూనెలు నీళ్ళలో కలవవు, పైన తేలి ఒంటికి గాఢంగా అంటుకుంటాయి, బాత్రూమ్ బండ జారుతుంది. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే ఆ తర్వాత కథ వేరు. స్నానం దగ్గర గొడవే మీ సమస్య అయితే సున్నిపిండి వాసన చూపించి చూడండి. పండగపూట తలంటు గుర్తొచ్చి కొందరు తామే లేచి వస్తారు.

## ఏ నూనె?

ల్యావెండర్. ఎక్కువ పరీక్షలు జరిగింది దీని మీదే, ఫలితాలు మిశ్రమం. నిద్ర, సాయంత్రం కంగారు కోసమైతే మొదటి సీసా ఇదే కానివ్వండి. ఇప్పుడు మన జమ్మూలోని భదర్వా ప్రాంతంలోనే బాగా పండిస్తున్నారు, విదేశీ సీసా కోసం వెతకక్కర్లేదు. మూత తీసి చాలాకాలం ఉంచిన నూనె గాలి తగిలి మారిపోయి చర్మానికి దద్దుర్లు తెప్పిస్తుంది, అందుకని చిన్న సీసానే కొనండి.

మెలిస్సా. పరిశోధనల్లో పేరుంది కానీ కొనమని నేను చెప్పను. ఆకుల్లో నూనె చాలా తక్కువ కాబట్టి అసలైనదాని ధర వేలల్లో ఉంటుంది, చౌకగా దొరికేదాంట్లో నిమ్మగడ్డి నూనో సిట్రొనెల్లానో కలిపి ఉండే అవకాశం ఎక్కువ. నిమ్మగడ్డి వాసన ఇష్టమైతే నిమ్మగడ్డి నూనె పేరుతోనే కొనుక్కోండి, దూదికి వాడండి, చర్మానికి అది ఘాటు.

నారింజ, నిమ్మ. మన ముక్కులకి అలవాటైనవి, పొద్దున్న పూట ఉత్సాహానికి బాగుంటాయి. తొక్క పిండి తీసిన నిమ్మ నూనె చర్మానికి రాసి ఎండలో కూర్చుంటే మచ్చలు, బొబ్బలు వస్తాయి. నిజానికి ఎదురుగా కూర్చుని నారింజపండు ఒలిపించండి. వాసనా వస్తుంది, చేతికి పనీ దొరుకుతుంది, తినడమూ అవుతుంది.

రోజ్‌మేరీ. "జ్ఞాపకశక్తి నూనె" అని తిరిగే సందేశాల వెనక 2009 నాటి జపాన్ అధ్యయనం ఒకటి ఉంటుంది. 28 మంది, 28 రోజులు, పొద్దున్న రోజ్‌మేరీ-నిమ్మ, రాత్రి ల్యావెండర్-నారింజ. పోల్చడానికి విడిగా ఇంకో గుంపు లేదు. 2023లో కాలిఫోర్నియా నుంచి వచ్చి బాగా ప్రచారమైన ఇంకో అధ్యయనంలో ఉన్నది 43 మంది, వాళ్ళకి డిమెన్షియానే లేదు. వీటిని చూసి ఆశ పెంచుకోకండి. ఫిట్స్ వచ్చినవాళ్ళకి రోజ్‌మేరీ పూర్తిగా మానేయండి, దాంట్లో కర్పూరం అంశ ఉంటుంది.

నీలగిరి తైలం, కర్పూరం, నొప్పి బామ్‌లు. మనింట్లో అసలు ప్రమాదం వీటితోనే, ఎందుకంటే వీటిని ఎవరూ మందులుగా చూడరు. నీలగిరి తైలం, కర్పూరం వల్ల ఫిట్స్ వచ్చిన కేసులని బెంగళూరు న్యూరాలజిస్టులు నమోదు చేశారు. హారతి కర్పూరం బిళ్ళ చూడ్డానికి పటికబెల్లం ముక్కలా ఉంటుంది, వాసనేమో లడ్డూలో వేసే పచ్చకర్పూరాన్ని గుర్తుచేస్తుంది, మతి తప్పిన మనిషి నోట్లో వేసుకోవడానికి ఇంకేం కావాలి? పూజగదిలో కర్పూరం డబ్బా అందని చోటికి మార్చండి, ఈ వ్యాసంలో ఇంకేం చేసినా చేయకపోయినా ఇదొక్కటీ ఇవాళే చేయండి. వింటర్‌గ్రీన్ నూనె ఉన్న నొప్పి బామ్‌లు ఆస్పిరిన్ కుటుంబానివి. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్ళకి రక్తస్రావం ముప్పు పెంచుతాయి.

మల్లె, మరువం, వట్టివేళ్ళు, గంధం. వీటికి పరిశోధన బలం లేదు, ఆ మనిషి జీవితం బలం ఉంది. సీసా కాదు, అసలు పూలే తెచ్చి ఒళ్ళో పోయండి. మాల కట్టడం నోటికి రాని పేర్ల కంటే వేళ్ళకి ఎక్కువ కాలం గుర్తుంటుంది. గంధం మాత్రం సాన మీద అరగదీసిందే వాడండి, మార్కెట్లో దొరికే చౌక గంధపు నూనెలు, అత్తర్లలో ఏం కలిపారో తెలియదు.

## మీది ఏ ఇల్లు?

మీరే పక్కనుండి చూసుకుంటుంటే మర్దనతో మొదలుపెట్టండి, మొదటి వారం ఉత్త కొబ్బరి నూనెతోనో నువ్వుల నూనెతోనో చేయండి, అది చాలితే సీసా కొననే వద్దు.

దూరదేశంలో ఉండి ఏదో ఒకటి పంపాలని తపించే కొడుకులూ కూతుళ్ళూ, డిఫ్యూజర్‌కి పెట్టే డబ్బుతో అక్కడున్న మనిషికి వారానికి ఒక పూట సెలవు దొరికేలా ఇంకో కేర్‌టేకర్‌ని ఏర్పాటు చేయండి. మీ అమ్మగారికి కూడా దానివల్లే ఎక్కువ మేలు. అలిసిపోయిన చేతులతో చేసే మర్దనలో ఓపిక ఉండదు.

కేర్‌టేకర్ చేతిలో ఉన్న ఇల్లైతే దూది పద్ధతి, లేదా మీరే ముందుగా కలిపి పెట్టిన నూనె. గాఢమైన సీసా ఆవిడకి ఇవ్వొద్దు, తాళం వేసి పెట్టండి. వృద్ధాశ్రమంలో ఉంటే గదిలో ఉండే మిగతావాళ్ళకి ఆస్తమా ఉందేమో అడగకుండా డిఫ్యూజర్ పెట్టకూడదు.

ఊపిరి జబ్బు ఉన్నవాళ్ళకి వాసన, పొగ రెండూ వదిలేయండి. ఉత్త నూనెతో చేతి మర్దన చాలు.

## కలపడం, చూడటం, ఆపడం

లేబుల్ మీద "ఫ్రాగ్రెన్స్ ఆయిల్" అని ఉంటే అది అగరుబత్తీలకీ సబ్బులకీ వాడేది, చర్మానికి కాదు. ల్యావెండర్ అయితే లావండ్యులా అంగుస్టిఫోలియా అన్న మొక్క పేరు ఉండాలి. 30 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలో 6 చుక్కలు వేస్తే సుమారు ఒక శాతం అవుతుంది, పెద్దవాళ్ళ చర్మానికి అది పైహద్దు, మూడు చుక్కలతో మొదలుపెట్టండి. ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు ఆగండి. పుండు మీద, కళ్ళ దగ్గర రాయొద్దు. నేరుగా చర్మం మీదా, టీలోనూ, పాలల్లోనూ ఒక్క చుక్క కూడా వేయొద్దు. పొరపాటున తాగేస్తే వాంతి చేయించకుండా, సీసా చేత్తో పట్టుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక ఒక కాగితం పెట్టుకోండి. మొదటి వారం ఏమీ వాడకుండా, సాయంత్రం ఎన్నిసార్లు లేచి తలుపు దగ్గరికి వెళ్ళారో, రాత్రి ఎన్నిసార్లు లేచారో మాత్రం గీతలు పెట్టండి. తర్వాత రెండు వారాలు రోజూ ఒకే వేళకి ఒకే పద్ధతి, అవే గీతలు. ఆ తర్వాత ఒక వారం ఆపేసి చూడండి. గీతల్లో తేడా లేకపోతే సీసా పక్కన పెట్టేయండి, నచ్చితే ఆ పది నిమిషాలు మాత్రం ఉంచుకోండి. దగ్గు, దద్దుర్లు, తలనొప్పి, మొహం తిప్పుకోవడం, వీటిలో ఏది కనిపించినా రెండు వారాలు ఆగక్కర్లేదు, అదే రోజు ఆపేయండి. ఎక్కడ అడగాలో తెలియకపోతే పెద్దవాళ్ళ కోసం ఉన్న ఎల్డర్‌లైన్ నంబరు 14567. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్ళండి. మందు తగ్గించాలా వద్దా అన్నది దాన్ని చూసి ఆయన చెప్తారు, నూనె పనిచేస్తోంది కదా అని మీ అంతట మీరు ఏ మాత్రా ఆపొద్దు.